ఆ తొమ్మిది గంటలు ఏ ఊరివి?



జులై నెల. ఎల్లారెడ్డిలో బీటెక్ పూర్తి చేసిన ఒక అమ్మాయికి అమెరికా నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. "ఈ నెల 15న ఉదయం 9 గంటలకు, ఈఎస్‌టీ, మీకు ఇంటర్వ్యూ" అని ఉంది అందులో. అమ్మాయి జాగ్రత్త గలది. ఈఎస్‌టీ అంటే ఏమిటో వెతికి చూసింది. ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్. ప్రపంచమంతా కొలతగా పెట్టుకున్న యూటీసీ సమయానికి 5 గంటలు వెనక. మన సమయం అదే యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. మధ్యలో తేడా పదిన్నర గంటలు. అంటే మనకు రాత్రి ఏడున్నర. ఏడుంపావుకే తయారై కంప్యూటర్ ముందు కూర్చుంది. అవతల ఎవరూ లేరు. వాళ్లు మన ఆరున్నరకే వచ్చి, కాసేపు చూసి, అభ్యర్థి హాజరు కాలేదని రాసుకుని వెళ్లిపోయారు.

అమ్మాయి లెక్కలో ఎక్కడా తప్పు లేదు. తప్పు మెయిల్‌లో ఉంది. జులైలో న్యూయార్క్ గడియారం ఈఎస్‌టీలో నడవదు. మార్చి నుంచి నవంబరు దాకా అక్కడ గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి ఉంచుతారు. ఆ రోజుల్లో దాని పేరు ఈడీటీ, ఈస్టర్న్ డేలైట్ టైమ్. అప్పుడు మనకూ వాళ్లకూ తేడా తొమ్మిదిన్నర గంటలే. కానీ అక్కడ చాలామంది ఏడాది పొడుగునా అలవాటు కొద్దీ ఈఎస్‌టీ అనే రాసేస్తారు. వాళ్లలో వాళ్లకు ఇబ్బంది లేదు. ఆ అక్షరాలను నమ్మి లెక్క వేసేది మనం, నష్టపోయేదీ మనమే. ఒక ఉద్యోగం, ఒక అడ్మిషన్ మూడు అక్షరాల దగ్గర చేజారకూడదు. అందుకే ఇవాళ ఈ విషయాన్ని మీ ముందుకు తెచ్చాను.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఇళ్లకు వేరే దేశపు గడియారం కొత్తేమీ కాదు. గల్ఫ్‌కు పోవడం ఇక్కడ తరాల సంగతి. దుబాయ్, అబుదాబి, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. సంక్రాంతికైనా, బతుకమ్మకైనా ఇదే లెక్క. బడి ముఖం చూడని తల్లి కూడా కొడుకు డ్యూటీ దిగి రూముకొచ్చే వేళ మన గడియారంలో ఎంతో తడుముకోకుండా చెబుతుంది. తేడా ఎన్నడూ మారదు కాబట్టి ఒక్కసారి నేర్చుకుంటే చాలు.

అదే ఇంట్లో చిన్నోడు డల్లాస్‌లో చదువుకుంటున్నాడనుకోండి. వాడి గడియారం వేసవిలో మనకు పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. నవంబరులో ఓ రోజు, "ఏం బిడ్డా, రోజూ ఈ టైమ్‌కే మాట్లాడుతుంటివి, ఇయ్యాల ఫోన్ ఎత్తుతలేవు?" అని తల్లి అడుగుతుంది. "ఇక్కడ నిన్న గడియారాలు మార్చిన్రమ్మా, నాకింకా తెల్లారలే" అంటాడు కొడుకు. గడియారాన్ని ఎవరు మారుస్తారు, ఎట్లా మారుస్తారు అని ఆమె అడుగుతుంది. అది చాలా మంచి ప్రశ్న. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అదే ప్రశ్న వేసుకోకపోవడం వల్లే సగం తప్పులు దొర్లుతున్నాయి.

జవాబు సూర్యుడి దగ్గర మొదలుపెడదాం. మన దేశానికి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఆధారం. ఉత్తరాన మిర్జాపూర్ దగ్గర, మన తెలుగునేల మీద కాకినాడ–తుని ప్రాంతంలో ఆ గీత వెళుతుంది. కామారెడ్డి దానికి పడమట, సుమారు 78.3 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. కాబట్టి కామారెడ్డిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి, ఏడాది సగటున, మన చేతి గడియారంలో 12 దాటి 16, 17 నిమిషాలు అవుతుంది. ఎల్లారెడ్డి ఇంకాస్త పడమట, 78 డిగ్రీల దగ్గర. అక్కడ దాదాపు 18 నిమిషాలు. ఒకే జిల్లాలోని ఈ రెండూళ్ల మధ్యే సూర్యుడికి నిమిషం పైచిలుకు తేడా ఉంది. ఊరూరా సూర్యుణ్ణి బట్టి గడియారం పెట్టుకుంటే రైలు నడవదు. అందుకని పోయిన శతాబ్దానికి ముందు దేశంలో రైళ్లు మద్రాసు సమయంతో నడిచాయి. 1906 జనవరి 1 నుంచి ఇప్పటి భారతీయ ప్రామాణిక సమయం వచ్చింది. అయినా కలకత్తా, బొంబాయి నగరాలు చాలా ఏళ్లు తమ సొంత సమయాన్ని వదల్లేదు. కలకత్తా 1948 దాకా పట్టుబట్టింది.

మన దేశంలోనూ గడియారం ఒక గంట జరిగిన కాలం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా గడియారాలను ముందుకు జరిపారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు నడిమి దాకా అది ఏకధాటిగా అమల్లో ఉంది. ఆ సమయం యూటీసీకి ఆరున్నర గంటలు ముందు. ఆ మధ్య పుట్టినవాళ్ల జాతకం వేసేటప్పుడు రాసి ఉన్న జనన సమయంలోంచి ఒక గంట తీసేయాలని జ్యోతిష్కులకు తెలుసు. తేదీ చూసి, ఊరు చూసి, ఆ రోజు ఆ ఊళ్లో ఏ గడియారం నడిచిందో విచారించి మరీ లెక్క వేస్తారు వాళ్లు. సాఫ్ట్‌వేర్‌కు కావలసిన పద్ధతి సరిగ్గా ఇదే.

ఇక అక్షరాల సంగతికి వద్దాం. ఐఎస్‌టీ అనగానే మనకు ఇండియన్ స్టాండర్డ్ టైమ్ తడుతుంది. ఇజ్రాయెల్ వాళ్లకు అది ఇజ్రాయెల్ స్టాండర్డ్ టైమ్, యూటీసీకి 2 గంటలు ముందు. ఐర్లండ్ వాళ్లకు ఐరిష్ స్టాండర్డ్ టైమ్, యూటీసీకి 1 గంట ముందు. అదీ వేసవిలో మాత్రమే. సీఎస్‌టీ అంటే డల్లాస్, షికాగోల సెంట్రల్ టైమ్ కావచ్చు, చైనా సమయం కావచ్చు, క్యూబాది కావచ్చు. మొదటి రెంటికీ తేడా 14 గంటలు. బీఎస్‌టీ లండన్‌లో బ్రిటిష్ సమ్మర్ టైమ్, ఢాకాలో బంగ్లాదేశ్ స్టాండర్డ్ టైమ్. మెల్‌బోర్న్, సిడ్నీల్లోని మనవాళ్లు కూడా తమ తూర్పు తీరపు సమయాన్ని ఈఎస్‌టీ అని రాయడం కద్దు. ఈ పొట్టి పేర్లను పంచిపెట్టే అధికారి ప్రపంచంలో ఎవరూ లేరు. ఎవరి దేశంలో వాళ్లు తమకు అనువైనది పెట్టుకున్నారు.

గల్ఫ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మన ఇళ్ల వ్యవహారం. విండోస్ కంప్యూటర్లో సమయ మండలాలకు లోపల పెట్టుకున్న పేర్లలో మూడు ఉన్నాయి. అరబ్ స్టాండర్డ్ టైమ్, అరేబియన్ స్టాండర్డ్ టైమ్, అరబిక్ స్టాండర్డ్ టైమ్. మొదటిది కువైట్, రియాద్. రెండోది అబుదాబి, మస్కట్. మూడోది బాగ్దాద్. మొదటిదీ మూడోదీ యూటీసీకి 3 గంటలు ముందు, నడుమది 4 గంటలు ముందు. మూడింటినీ కుదిస్తే ఏఎస్‌టీ. అదే ఏఎస్‌టీ కెనడా తూర్పు తీరంలో అట్లాంటిక్ స్టాండర్డ్ టైమ్. దుబాయ్ ఆఫీసులో హాజరు పట్టిక తయారు చేసే కుర్రాడు అరేబియన్ బదులు అరబ్ ఎంచుకుంటే, అందరి ఓవర్‌టైమ్ ఒక గంట జరుగుతుంది. ఆ గంట రెండు షిఫ్టుల నడుమ పడితే ఎవరి జీతంలోంచో కోత పడుతుంది. ఎండలో పనిచేసే మనిషి కష్టం అది. ఆ పేర్లు పెట్టిన ఇంజనీర్లు దాన్ని ఊహించి ఉండరు, కానీ ఎంచుకునేచోట ఊరి పేరు కూడా కనబడేలా చేయడం సాఫ్ట్‌వేర్ రాసే ప్రతివాళ్ల బాధ్యత.

మరో ఉదాహరణ చెబుతాను. మన పిల్లలు కాలేజీలో నేర్చుకునే డేటాబేస్‌లలో పోస్ట్‌గ్రెస్ ఒకటి. ఉచితంగా దొరికేది, ఎంతో నమ్మకమైనది. 2026 జనవరి 26 ఉదయం 10 గంటలు, ఐఎస్‌టీ అని దానికి రాసి ఇచ్చారనుకోండి. అది చాలా ఏళ్లు ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ అనే తీసుకుంటూ వచ్చింది. వేరే చెప్పకపోతే దాని పట్టికలో ఉన్నది అదే. అప్పుడు మన 10 గంటల కార్యక్రమం మన గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయిపోతుంది. మూడున్నర గంటల తేడా, ఎక్కడా ఎర్రగీత పడదు, తప్పు అని ఎవరూ హెచ్చరించరు. భారతీయులకోసం వేరే పట్టిక ఒకటి పెట్టి, దాన్ని ఎంచుకునే వీలు ఇచ్చారు. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి పద్ధతి మార్చి, వాడుతున్న మనిషి పెట్టుకున్న ఊరి సమయంలో ఆ అక్షరాలకు అర్థం ఉందా అని ముందు చూస్తున్నారు. కానీ ఆఫీసుల్లో పాత వెర్షన్లు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి. జావా భాషను తయారుచేసినవాళ్లయితే ఈ మూడక్షరాల పేర్లు వాడొద్దని తమ పుస్తకంలోనే రాసిపెట్టారు. ఒకే పేరు అనేక ప్రాంతాలకు ఉందని, సీఎస్‌టీనే ఉదాహరణగా చూపించారు.

ఇప్పుడు గడియారం జరపడం గురించి. ఈ ఆలోచన 1895లో న్యూజిలాండ్‌లో పురుగులను పరిశోధించే జార్జ్ హడ్సన్ చెప్పాడు, తర్వాత ఇంగ్లండ్‌లో విలియం విలెట్ దానికోసం చాలా పోరాడాడు. దేశమంతటా మొదట అమలు చేసిన దేశాల్లో జర్మనీ ఒకటి, 1916 ఏప్రిల్ 30న, యుద్ధంలో బొగ్గు మిగుల్చుకోవడానికి. మనకు ఇది ఎందుకు లేదన్న దానికి జవాబు భూగోళంలో ఉంది. కామారెడ్డిలో ఏడాదిలోని అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా సుమారు 2 గంటలు. న్యూయార్క్‌లో అది దాదాపు 6 గంటలు. అక్కడ వేసవిలో జనం లేవకముందే సూర్యుడు ఎక్కి కూర్చుంటాడు. ఆ వెలుగులో ఒక గంట తెచ్చి సాయంత్రానికి ఇవ్వాలని వాళ్ల ఆశ. మనకు ఇచ్చిపుచ్చుకోవడానికి అంత వెలుగు తేడా లేదు.

అమెరికాలో 2007 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారం 3కు దూకుతుంది. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు తిరిగి 1కి వస్తుంది. 2026లో ఆ రోజులు మార్చి 8, నవంబరు 1. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలు, అంటే మార్చి 29, అక్టోబరు 25. ఈ రెండు నియమాల మధ్య మార్చిలో మూడు వారాలు, శరదృతువులో ఒక వారం న్యూయార్క్–లండన్ తేడాయే మారిపోతుంది. రెండు చోట్లా మనుషులున్న టీముతో పనిచేసేవాళ్లకు ఆ నాలుగు వారాలూ గండం. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రం చాలామటుకు గడియారం జరపదు. ఆస్ట్రేలియాలో ఋతువులు తలకిందులు, కాబట్టి మెల్‌బోర్న్ అక్టోబరులో జరిపి ఏప్రిల్‌లో వెనక్కి తెస్తుంది. అదే దేశంలోని బ్రిస్బేన్ అసలు జరపదు.

నవంబరు 1 తెల్లవారుజామున డల్లాస్‌లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఒంటిగంటన్నర అవుతుంది. అప్పుడు కామారెడ్డిలో సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలు. అరగంట గడిచి 2 గంటలు కావలసిన చోట గడియారం మళ్లీ ఒంటిగంట చూపిస్తుంది. ఇంకో అరగంటకు మళ్లీ ఒంటిగంటన్నర. ఈసారి కామారెడ్డిలో ఒంటిగంట. ఒకే రోజు, ఒకే ఊరు, ఒంటిగంటన్నర రెండుసార్లు వచ్చింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు "1:30కి మందు ఇచ్చాను" అని రాస్తే, అది ఏ ఒంటిగంటన్నరో ఆ అంకెలో లేదు. కంప్యూటర్ రాసుకునే చిట్టాలో అయితే రెండో సంఘటన మొదటిదానికన్నా ముందు జరిగినట్టు కనబడవచ్చు. మార్చి 8న దీనికి ఉల్టా. ఆ తెల్లవారుజామున 2:30 అనేదే ఉండదు. రోజూ 2:30కి నడిచేలా పెట్టిన పని ఆ రోజు నడవకపోవచ్చు, మూడింటికి నడవవచ్చు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఏం చేయమని చెప్పారో దాన్ని బట్టి. ఏమీ చెప్పకపోతే దాని ఇష్టం. హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టుల్లో పనిచేసే మన పిల్లలకు ఈ ఆదివారాలు బాగా తెలుసు. సోమవారం నుంచి క్యాబ్ గంట ముందుకో వెనక్కో జరుగుతుంది.

నియమం ఏదైనా ప్రభుత్వం తలచుకుంటే మారిపోతుంది, ఒక్కోసారి రాత్రికి రాత్రి. మన ఉపఖండంలోనే చూడండి. శ్రీలంక 1996లో యూటీసీకి ఆరున్నర గంటలు ముందుకు వెళ్లి, అదే ఏడాది ఆరుకు తగ్గి, 2006లో తిరిగి మనతో కలిసింది. పాకిస్తాన్ 2002లో, మళ్లీ 2008, 2009లలో గడియారం జరిపింది. బంగ్లాదేశ్ 2009లో ఒక్క ఏడాది చేసి వదిలేసింది. అన్నిటికన్నా మనసులో నిలిచేది లెబనాన్ కథ. 2023 మార్చి 25 అర్ధరాత్రి అక్కడ గడియారం జరగాలి. సరిగ్గా రెండు రోజుల ముందు, రంజాన్ అయ్యేదాకా వాయిదా అని ప్రధాని మికాతి ప్రభుత్వం ప్రకటించింది. మరోనైట్ క్రైస్తవ చర్చి ఒప్పుకోలేదు. కొన్ని టీవీ ఛానళ్లు పాత నియమం ప్రకారమే జరిపేశాయి. ఒకే నగరంలో కొందరి ఫోన్లలో ఒక సమయం, కొందరి ఫోన్లలో మరో సమయం. నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, 29 రాత్రి గడియారం జరుపుతామంది.

ఆ నాలుగు రోజుల్లో ప్రపంచంలోని కంప్యూటర్లు ఎవరి మాట వినాలి? ఇక్కడే చాలామందికి తెలియని ఒక గొప్ప పని గురించి చెప్పాలి. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఒక పట్టిక మొదలుపెట్టాడు. ఏ ప్రాంతంలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఏ గడియారం నడిచింది, ఎన్నడు జరిగింది అన్నదంతా అందులో ఉంటుంది. తర్వాత పాల్ ఎగర్ట్ దాన్ని చూసుకుంటూ వచ్చాడు. 2011 నుంచి ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ నీడలో అది నడుస్తోంది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్, ఐఫోన్, బ్యాంకు సర్వర్, అన్నీ ఈ పట్టికనే చూస్తాయి. లెబనాన్ ప్రకటన వచ్చిన రోజే పట్టికలో మార్పు చేసి విడుదల చేశారు. ప్రభుత్వం మనసు మార్చుకున్నాక 28న దాన్ని తీసేసి మళ్లీ విడుదల చేశారు. ఈ మెలకువకు నేను చేతులెత్తి దండం పెడతాను. కోట్లమంది ఉదయం లేవడం వాళ్ల ఓపిక మీద ఆధారపడి ఉంది.

ఆ పట్టికలో సమయానికి పేరు అక్షరాలతో ఉండదు, ఖండం పేరు, ఊరి పేరుతో ఉంటుంది. అమెరికా, న్యూయార్క్. అమెరికా, షికాగో. ఆసియా, దుబాయ్. మనది ఆసియా, కోల్‌కతా. 2008 దాకా కలకత్తా అని ఉండేది. మన ఫోన్లో సమయం సరిచేసేటప్పుడు హైదరాబాద్ కనబడలేదని కొందరు కలవరపడతారు. కలవరపడనక్కర్లేదు. ఒకే గడియారం నడిచే ప్రాంతానికంతటికీ జనం ఎక్కువగా ఉన్న ఒక నగరం పేరు పెట్టడం వాళ్ల పద్ధతి. ఆ పేర్లు పెట్టిన రోజుల్లో మన దేశం నుంచి ఆ అవకాశం కలకత్తాకు దక్కింది. కోల్‌కతా ఎంచుకుంటే ఎల్లారెడ్డి సమయం వస్తుంది. సరిగ్గా రావాలంటే ఫోన్ అప్‌డేట్లు వేసుకుంటూ ఉండాలి. ఈజిప్టులో పాత ఫోన్ వాడేవాళ్లు ఇది గమనించాలి. ఈజిప్టు 2023లో గడియారం జరపడం మళ్లీ మొదలుపెట్టింది.

ఈ పట్టిక కూడా చట్టాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ తట్టుకోలేదు. ఐర్లండ్ చట్టంలో వేసవి సమయమే ప్రామాణికం, చలికాలంలో ఒక గంట తగ్గిస్తారు. 2018లో పట్టిక దాన్ని అలాగే రాసింది. సమయం జరిగితే ముందుకే జరుగుతుందని నమ్మి రాసిన జావా ప్రోగ్రాములు దాన్ని చదవలేకపోయాయి.

మన ఐదున్నర గంటలు కూడా ఇట్లాంటి పరీక్షే. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పుట్టినరోజు ఒక రోజు వెనక్కి పోవడం మీలో చాలామంది చూసి ఉంటారు. జూన్ 1 అని నొక్కితే మే 31 అని వస్తుంది. కారణం ఇది. తేదీ ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్ దానికి అర్ధరాత్రి 12 గంటలు అని తనంతట తాను జోడిస్తుంది. మన జూన్ 1 అర్ధరాత్రిని యూటీసీలోకి మారిస్తే మే 31 సాయంత్రం ఆరున్నర. ఆ తర్వాత గంటలు కత్తిరించి తేదీ మాత్రమే దాచుకుంటుంది. పోయింది ఒక రోజు. న్యూయార్క్‌లో కూర్చుని ఇదే ప్రోగ్రామును పరీక్షిస్తే తప్పు కనబడదు. అక్కడి అర్ధరాత్రి యూటీసీలో తెల్లవారుజామున 4 లేదా 5 గంటలు, తేదీ అదే. గ్రీనిచ్‌కు పడమట రాసిన ప్రోగ్రాము అక్కడ బాగానే నడిచి, తూర్పున ఉన్న మన దగ్గర విరుగుతుంది. మన విద్యార్థి సర్టిఫికెట్‌లో ఒకటి, దరఖాస్తులో ఒకటి పడి, ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. పుట్టినరోజుకు గంట అక్కర్లేదు, సమయ మండలం అక్కర్లేదు. తేదీని తేదీగానే దాచాలి.

అట్లాగే రోజువారీ లెక్కలు. సర్వర్ యూటీసీ రోజు ప్రకారం మొత్తం కడితే, మనకు అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా జరిగిన అమ్మకాలు ముందురోజు ఖాతాలో పడతాయి. తెల్లవారకముందే కూరగాయల వ్యాపారం నడిపేవాళ్లకు ఆ రోజు లెక్క ఎన్నటికీ కలవదు.

జరిగిపోయిన దాన్ని యూటీసీలో రాసుకోవచ్చు, అది ఇక మారదు. పైసలు ఎప్పుడు జమైనాయి, ఫోన్ ఎప్పుడు వచ్చింది, ఇవి అలా దాచడమే మేలు. జరగబోయేది అలా కాదు. వచ్చే ఏడాది లెబనాన్ రాజధాని బీరూట్‌లో ఉదయం 10 గంటల సమావేశాన్ని ఇవాళే యూటీసీలోకి మార్చి దాచేస్తే, ఈ లోపల అక్కడి ప్రభుత్వం నియమం మార్చిందంటే మన అంకె తప్పు. బీరూట్, ఉదయం 10, ఫలానా తేదీ అని ఉన్నదున్నట్టు దాచి, ఆ రోజు దగ్గరపడ్డాక కొత్త పట్టిక చూసి లెక్క కట్టాలి. అంతా యూటీసీలో దాచేయండి అని మన కాలేజీల్లో చెప్పే సలహా సగమే నిజం. దీన్ని అధ్యాపకులు కూడా మనసులో పెట్టుకోవాలని నా విన్నపం.

పంచాంగకర్తలు ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చుకున్నారు. తిథి మొదలయ్యే క్షణం భూమి అంతటా ఒకటే. కానీ సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి చేసుకునే పండుగలు ఊరిని బట్టి మారతాయి. ఒక తిథి కామారెడ్డిలో మంగళవారం ఉదయం 9 గంటలకు మొదలైందనుకుందాం. ఆ రోజు సూర్యోదయం అప్పటికే అయిపోయింది, కాబట్టి ఇక్కడ పండుగ బుధవారం. అదే క్షణం న్యూజెర్సీలో, వేసవి గడియారం ప్రకారం, సోమవారం రాత్రి పదకొండున్నర. మర్నాడు మంగళవారం సూర్యోదయానికి ఆ తిథి అక్కడ ఉంది. అక్కడివాళ్లు మనకన్నా ఒక తేదీ ముందే పండుగ చేసుకుంటారు. అందుకే అమెరికాలోని తెలుగువాళ్లకోసం నగరాలవారీగా వేరే పంచాంగాలు వేస్తున్నారు. ఇక్కడి పంచాంగం యాప్ తెరిచి, తొమ్మిదిన్నర గంటలు తీసేసి, అదే తేదీకి పండుగ అనుకోవడం పొరపాటు. యాప్‌లో ఊరు మార్చి చూడాలి. రాహుకాలం సంగతీ అంతే. ఏ ఊరి సూర్యోదయంతో కట్టారో చూడకుండా ఆ గంటలను నమ్మకూడదు.

చివరగా రెండు మూడు పనికొచ్చే మాటలు. ఇంటర్వ్యూ మెయిల్ వచ్చినప్పుడు ఆ మూడక్షరాలను నమ్మి ఊరుకోకండి. "జులై 15 బుధవారం, న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు, కామారెడ్డిలో సాయంత్రం 6:30, సరేనా?" అని ఒక్క వాక్యం తిరిగి రాయండి. రెండు ఊళ్లు, రెండు సమయాలు, తేదీ, వారం పేరు. అలా అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు, జాగ్రత్త గల మనిషి అని అనుకుంటారు. క్యాలెండర్‌లో ఎక్కించేటప్పుడు ఈఎస్‌టీ అన్నదాన్ని కాక న్యూయార్క్ అన్నదాన్ని ఎంచుకోండి. విమానం టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లో దిగేవాళ్లకు ప్రయాణం గంటన్నర తక్కువ ఉన్నట్టు కనబడుతుంది, వచ్చేటప్పుడు అంతే ఎక్కువ కనబడుతుంది.

సాఫ్ట్‌వేర్ రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పరీక్ష చెబుతాను. మీరు రాసిన ప్రోగ్రాముకు డల్లాస్ పెట్టి మార్చి 8 తెల్లవారుజామున 2:30 ఇచ్చి చూడండి. నవంబరు 1 ఒంటిగంటన్నర ఇచ్చి, అది ఏ ఒంటిగంటన్నర అని తిరిగి అడుగుతుందో లేదో చూడండి. అరిజోనాలోని ఫీనిక్స్, ఐర్లండ్‌లోని డబ్లిన్, మెల్‌బోర్న్ పెట్టి చూడండి. యూటీసీకి ఐదు గంటల నలభై అయిదు నిమిషాలు ముందుండే ఖాట్మండు పెట్టి చూడండి. ఆ తర్వాత కోల్‌కతా పెట్టి, జూన్ 1న పుట్టిన పిల్ల వివరాలు ఎక్కించి, ఏ తేదీ వస్తుందో చూడండి.